ఆరు గంటల జమైకా

ఈమధ్య డాలస్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి క్రూయిజ్ కబుర్లు మొదలవుతాయి. ఎవరు ఏ ఓడెక్కారు, బాల్కనీ గదికి ఎంత పోశారు, శాకాహారులమని ముందే చెబితే రోజూ రాత్రి పప్పూ కూరా విడిగా వండించి పెట్టిన హెడ్‌వెయిటరు ఏ ఊరివాడు, ఇవన్నీ అయ్యాక దీవుల లెక్క వస్తుంది. "కోజుమెల్ అయిపోయింది, కేమన్ అయిపోయింది, జమైకా కూడా అయిపోయింది." అయిపోవడం అన్న మాట నాది కాదు, వాళ్ళదే. సిలబస్‌లో పాఠాలు అయిపోయినట్టు దీవులు అయిపోతుంటాయి. ఒక్కోదానికి పట్టేది ఆరు గంటలు, మహా అయితే ఏడు.

నాకూ అయిపోయాయి. పోయిన డిసెంబరులో నాలుగు కుటుంబాలం కలిసి గాల్వెస్టన్‌లో ఓడెక్కి ఈ మూడు దీవులూ అవగొట్టి వచ్చాం. కాబట్టి కింద రాయబోయే తిట్లు ఎవరికైనా తగిలితే, అందులో మొదటి వాటా నాదే అని ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఓడల మీద నాకు పెద్ద కోపం లేదు. అవి తాగే చమురు గురించీ, సముద్రంలోకి వదిలే మురికి గురించీ రాయగలిగినవాళ్ళు రాశారు. ఎనిమిది నెలల కాంట్రాక్టు మీద వారానికి ఏడురోజులూ పనిచేసే సిబ్బంది గురించీ రాయాలి, అది ఇంకో వ్యాసం. నా తగాదా ఒక్కదానితోనే. ఓడ రేవులో ఆగిన రోజున కుటుంబాలకి అమ్మే "షోర్ ఎక్స్‌కర్షన్" అనే సరుకుతో. దాన్ని కొనుక్కొచ్చి, పిల్లలకి "మనం దేశం చూశాం" అని చెప్పే మనతో.

ఆ సరుకు ఎలా అమ్ముతారో ఓసారి చూడండి. టికెట్టు కొన్న మర్నాటి నుంచే ఈమెయిళ్ళు మొదలవుతాయి. ప్రతి రేవుకీ నలభై యాభై రకాలు. ఒక్కోదాని పక్కన బొమ్మలు: నడిచే మనిషి బొమ్మ ఒకటైతే సులువు, మూడైతే కష్టం. పిల్లలున్నవాళ్ళకి వేరే పేజీ. మా ఫాల్మౌత్ పేజీలో జలపాతం ఎక్కడం ఉంది, రబ్బరు టైర్ల మీద ఏట్లో తేలడం ఉంది, జిప్‌లైన్ ఉంది, డాల్ఫిన్లతో ఫొటో ఉంది. ఫాల్మౌత్ అనే ఊరు మాత్రం ఎక్కడో చివరి పేజీలో, ట్రాలీ బండి మీద గంటన్నర. దానికి రివ్యూలు కూడా పెద్దగా లేవు. నేను పెద్దవాళ్ళకి తలా నూటపాతిక డాలర్లు కట్టి, ఒక పాత చెరకు ఎస్టేటులో జిప్‌లైన్, ఏట్లో టైర్ల ప్రయాణం, పైన "గ్రేట్ హౌస్" సందర్శన కలిపిన ప్యాకేజీ తీసుకున్నాను. గ్రేట్ హౌస్ అంటే తోట యజమాని దివాణం. మా అమ్మకి డెబ్భై ఒకటి. తీగ మీద వేలాడుతూ వెళ్ళే వయసు కాదు. ఆవిడా, తోడుగా మా ఆవిడా ఓడలో ఉండిపోయారు. కనీసం నేను అలా అనుకున్నాను.

ఫాల్మౌత్ గురించి నాలుగు మాటలు. 1769లో పుట్టిన ఊరు. జమైకా చక్కెరతో ప్రపంచానికి టీ తియ్యబడుతున్న రోజుల్లో ద్వీపంలోకెల్లా రద్దీ రేవుల్లో ఒకటి. చక్కెర బయటికి వెళ్ళేది, ఆఫ్రికానుంచి మనుషులు లోపలికి వచ్చేవాళ్ళు. చక్కెర పడిపోయాక ఊరు అలాగే ఆగిపోయింది, అందుకే పాత జార్జియన్ ఇళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి. ఈనాటికీ జనాభా పదివేలలోపే. 2011లో ఆ ఊరి ముందు పెద్ద క్రూయిజ్ రేవు తెరిచారు. ఒక్క ఓడ వస్తే ఊళ్ళో ఉన్న జనంలో సగంమంది దిగుతారన్నమాట. రేవు చుట్టూ కంచె, గేటు. కంచె లోపల, బయటి పాత ఇళ్ళ పోలికలోనే కట్టిన కొత్త దుకాణాలు: వజ్రాలు, గడియారాలు, టీ షర్టులు, రమ్ము. అసలు ఊరు యాభై గజాల దూరంలో ఉండగా దానికో నకలు ఎందుకు కట్టాలో మొదటిసారి చూసినప్పుడు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. నకలులో అద్దె వసూలవుతుంది.

మా బస్సు కంచె లోపలే ఎక్కించుకుంది. ఏసీ బస్సు, నల్లటి అద్దాలు. గైడు మంచి మాటకారి. "యా మాన్" అని మాచేత మూడుసార్లు అరిపించాడు, పిల్లలు పడీపడీ నవ్వారు. ఊరు దాటడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ ఆయన మాకు హెల్మెట్లు ఎలా పెట్టుకోవాలో చెప్పాడు.

ఎస్టేటు అందంగా ఉంది. అబద్ధమెందుకు. కొండ మీద దివాణం, కింద లోయలో చెరకు పండిన నేల, ఏరు. జిప్‌లైన్ మీద మా అమ్మాయి ఆ లోయ మీదుగా ఇటునుంచి అటు కేకలు వేస్తూ వెళ్ళింది. అది అయ్యాక దివాణం లోపలికి తీసుకెళ్ళారు. మహాగనీ మంచం, ఇంగ్లండునుంచి తెప్పించిన పింగాణీ, వాన నీళ్ళు పట్టే తొట్టి. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. బడిలో బానిసత్వం పాఠం ఆ ఏడే చదివింది. "పనిచేసేవాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళు?" అని అడిగింది. గైడు ఒక్క క్షణం ఆగి, కిటికీలోంచి చేయి చూపించి, "అటు వైపు ఉండేవి, ఇప్పుడేం మిగల్లేదు" అన్నాడు. ఆయన చూపించిన వైపే మేం టైర్లు తీసుకున్న పాక ఉంది. మా బృందంలో ఒకాయన "ఇక్కడ వైఫై ఉందా" అని అడిగాడు. ఆ మాటతో అది ముగిసింది.

గైడుని నేను తప్పుపట్టను. ఆయనకి తెలియక కాదు. తిరుగు ప్రయాణంలో పక్కన కూర్చున్నప్పుడు మెల్లగా అడిగితే, వాళ్ళ తాతల ఊరు ఆ ఎస్టేటు వెనకాలే అని చెప్పాడు. ఆయనకి జీతం తక్కువ, బతుకు టిప్పుల మీద. సెలవుకొచ్చిన కుటుంబానికి కొరడాల కథ చెబితే టిప్పు పెరగదు, రివ్యూలో నక్షత్రం తగ్గుతుంది. "మీరు ఓడలో ఈ ట్రిప్పుకి ఎంత కట్టారు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. ఎంత అందుతుందో ఆయన చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. ఇలాంటి ప్యాకేజీల ధరలో ఓడ కంపెనీ వాటా ఏ మాత్రం చిన్నది కాదని ఈ వ్యాపారం తెలిసినవాళ్ళందరూ అనే మాటే.

ఇక అసలు కథ. సాయంత్రం ఓడెక్కి గదికి వెళ్ళేసరికి అమ్మ అలిగి కూర్చుంది. మేం వెళ్ళిన గంటకి ఆవిడకి ఓడలో తోచలేదట. "ఊరు ఎదురుగా కనబడుతుంటే ఈ ఇనప పెట్టెలో కూర్చోడమేంటమ్మా" అని కోడలిని లేవదీసింది. ఇద్దరూ దిగి, దుకాణాలు దాటి, గేటు దాటి ఊళ్ళోకి నడిచారు. గేటు దగ్గర టాక్సీవాళ్ళు చుట్టుముట్టారట, "నో నో" అంటే వదిలేశారట. తాళ్ళరేవు బస్టాండులో ఆటోవాళ్ళని దాటి వచ్చిన మనిషికి అదో లెక్కా.

ఊళ్ళో ఏం చూశారంటే మా అమ్మ చెప్పిన వరసలో చెబుతాను. రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతున్న తోటకూర. (జమైకావాళ్ళు కాలలూ అంటారు. అచ్చంగా మన తోటకూర జాతే, ఉప్పుచేపతో కలిపి పొద్దున్నే తింటారు.) చింతపండు ఉండలు, పంచదారలో దొర్లించినవి. యూనిఫారం వేసుకున్న పిల్లలు లేరేమిటని ఆవిడ దిగులుపడితే, క్రిస్మస్ సెలవులని కోడలు చెప్పింది. ఒక రాతి చర్చి, దాని ఆవరణలో కాసేపు నీడన కూర్చున్నారు. ఆ తరవాత ఒకామె బుట్టలో పెట్టుకుని అమ్ముతున్న పళ్ళు చూసి అమ్మ ఆగిపోయింది. రేగుపళ్ళు. ఎర్రగా, ముడతలు పడి, మన సంక్రాంతినాటి రేగుపళ్ళే.

రెండు డాలర్లిచ్చి సంచీడు కొన్నారు. పేరేమిటని కోడలు అడిగితే ఆ అమ్మాయి "కూలీ ప్లమ్" అంది. అమ్మకి చివరి ముక్క తెలియదు, మొదటిది తెలుసు. "పళ్ళకి డబ్బులిచ్చాంగా, మళ్ళీ కూలి అడుగుతోందేంటమ్మా?" అందట.

ఈ ముక్క మావాళ్ళ విందుల్లో చెబితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు దాటి ఒక్క అడుగు వేస్తే ఎక్కడ తేలతామో చూడండి. జమైకాలో కూలీ అంటే భారతీయుడు. ఆ మాట తమిళ, తెలుగు "కూలి" నుంచే ఇంగ్లీషులోకి పోయిందని కొందరంటారు, గుజరాత్ వైపు "కోలీ" అనే కులం పేరునుంచని ఇంకొందరు. ఎలా పోయినా, మనం రోజూ వాడే మామూలు మాట అక్కడ మనిషిని చిన్నబుచ్చే మాట అయింది. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ కలకత్తానుంచి జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేకి మొదటి కాంట్రాక్టు కూలీలని తెచ్చింది. 1910ల దాకా అలా వచ్చినవాళ్ళు సుమారు 36 వేలమంది. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు, మద్రాసునుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. గయానాకీ ట్రినిడాడ్‌కీ మద్రాసు రేవునుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఎక్కారు. అక్కడ అందర్నీ కలిపి "మద్రాసీ" అన్నారు, ఆ పేరుకింద మన భాష మాయమైపోయింది. మా అమ్మ పుట్టిన ఊరికి పక్కనే కోరంగి. ఆ రేవు పేరుతోనే బర్మాలో మనవాళ్ళని కోరంగీలన్నారు. ఇటు వైపు అమ్మకి తెలుసు, వాళ్ళ మేనమామ ఒకాయన రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు. అటు వైపు కరీబియన్ కూడా ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీ దాకా చదివాను.

ఆ రాతి చర్చి సంగతి. కోడలు తీసిన ఫొటోలో పేరు చూసి తరవాత చదువుకున్నాను. అది విలియం నిబ్ అనే బాప్టిస్టు మిషనరీ పేరున్న చర్చి. 1831లో, మేం వెళ్ళిన ఆ క్రిస్మస్ వారంలోనే, జమైకా పడమటి జిల్లాల్లో బానిసలు పని మానేశారు. శామ్యూల్ షార్ప్ నాయకుడు, తనూ బానిసే, బాప్టిస్టు బోధకుడు. కూలి ఇస్తేనే చెరకు కోస్తామన్నారు. అది తిరుగుబాటుగా మారింది, తోటలు తగలబడ్డాయి. తరవాత వందలమందిని చంపారు. షార్ప్‌ని 1832 మేలో మాంటెగో బేలో ఉరితీశారు. మరుసటి ఏడే లండన్‌లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం వచ్చింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు ఇచ్చారు. బానిసలకి కాదు, యజమానులకి. దానికోసం చేసిన అప్పు బ్రిటన్ ఖజానా పూర్తిగా తీర్చింది 2015లో. 1838 జూలై 31 రాత్రి, పూర్తి స్వేచ్ఛ వచ్చే ఘడియ కోసం నిబ్ చర్చిలో జనం కూడారు. ఒక శవపేటికలో గొలుసు, కొరడా, మెడకి వేసే ఇనప పట్టీ పెట్టి ఆ ఆవరణలో పాతిపెట్టారు.

మా ఓడనుంచి అక్కడికి నడక. టికెట్టు లేదు. అందులో ఒక్క ముక్క కూడా నేను కట్టిన నూటపాతిక డాలర్లలో లేదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ ఉంది. ఆ సమయానికి నేను దాన్ని ఊరికి అవతల, ఏట్లో టైరు మీద కూర్చోబెట్టి వీడియో తీస్తున్నాను.

అమ్మ ఎందుకలిగిందో చెప్పలేదు కదా. తిరిగి ఓడెక్కేటప్పుడు తనిఖీలో ఆ సంచీ పట్టుకున్నారు. పళ్ళు లోపలికి రాకూడదు. అక్కడే డబ్బాలో పారేయించారు. నిబంధనకి కారణం ఉంది, పురుగులూ తెగుళ్ళూ దేశాలు దాటకూడదు, నేను కాదనను. కానీ అమ్మకి తెలిసింది ఒక్కటే. మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్ళు, రెండువారాల్లో భోగి. డాలస్‌లో ఏటా ఎండిపోయిన పళ్ళు ప్యాకెట్లో కొని పోసేవాళ్ళం. "ఇన్నాళ్ళకి తాజాపళ్ళు దొరికితే చెత్తబుట్టలో పోయించారురా" అని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆవిడ వెనకాల వరసలో ఉన్నవాళ్ళు రమ్ము సీసాలు అప్పజెప్పి రశీదు తీసుకుని వెళ్ళారట.

ఈ మాటలన్నీ మావాళ్ళతో అన్నప్పుడు మూడు జవాబులొచ్చాయి. మూడూ తేలిగ్గా తోసెయ్యదగ్గవి కావు.

మొదటిది భయం. "పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. తెలియని దేశం. ఏదన్నా అయితే? ఓడ వెళ్ళిపోతే?" నిజమే. జమైకాలో నేరాలు లేవని ఎవరంటారు? కానీ ఈ భయం అంతా మనదేనా అని అడగండి. ఓడలో ప్రతి రేవుకి ముందురోజు ఒక ఉపన్యాసం ఉంటుంది. మా దగ్గర కొన్న ట్రిప్పు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీరు సొంతంగా వెళితే ఆగదు అని అందులో కనీసం రెండుసార్లు చెబుతారు. ఓడ గడియారం ఒకటి, దీవి గడియారం ఒకటి, జాగ్రత్త అంటారు. అన్నీ నిజాలే. ఆ నిజాలు చెప్పేవాళ్ళే పక్క టేబులు మీద టికెట్లు అమ్ముతారు. డెబ్భై ఒక్కేళ్ళ మా అమ్మ అర కిలోమీటరు నడిచి తోటకూర బేరమాడి తిరిగొచ్చింది. ఆ దూరానికి కావలసిన ధైర్యం అంతే. నేను దీవి అంతా ఒంటరిగా తిరగమనడం లేదు. గేటు దాటమంటున్నాను.

రెండోది డబ్బు. "మనం వెళ్ళకపోతే వాళ్ళకి ఆ మాత్రం కూడా రాదు." ఇది నన్ను చాలా రోజులు నోరు మూయించిన మాట. గైడు బతుకు నా టిప్పు మీదే ఉంది కదా. కానీ ఎంత రావాలో నిర్ణయించేది ఎవరు? అమెరికాలో 1886నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండాతో తిరిగే ఓడ, అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని ఒక్క అమెరికా రేవుల మధ్యే తిప్పి తీసుకురావడానికి వీల్లేదు, ఒక్క విదేశీ రేవైనా తగలాలి. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామాలాంటి జెండాలవే. అంటే ఓడకి దీవి కావాలి, కానీ ఏ దీవైనా ఫరవాలేదు. ఈ ఒక్క సంగతిలో దీవుల బేరం అంతా ఉంది. 1990ల మొదట్లో కారికోమ్ దేశాలన్నీ కలిసి ప్రయాణికుడికి కనీసం పది డాలర్ల పన్ను వేద్దామనుకున్నాయి. కంపెనీలు దారి మారుస్తామన్నాయి. ఆ ఐకమత్యం నిలవలేదు. పోనీ మెక్సికో పెద్ద దేశం కదా అంటే, 2024 చివర్లో మనిషికి 42 డాలర్లని ప్రకటించి, చివరికి 2025 జూలైనుంచి 5 డాలర్లకి దిగింది, ఏటా కొంచెం పెంచుకోవచ్చనే ఒప్పందంతో. ఓడలో ఒక కాక్‌టెయిల్‌కి పదిహేనిచ్చే మనం, ఒక దేశం గడప తొక్కినందుకు అయిదివ్వడానికి పేచీ పెట్టినట్టే. మన తరఫున కంపెనీ పెట్టింది, అంతే తేడా.

కేమన్ దీవి కథ కొంచెం వేరు. జార్జ్‌టౌన్‌లో పెద్ద ఓడలకి రేవు లేదు, చిన్న పడవల్లో దింపుతారు. రేవు కడదామని ఏళ్ళుగా ప్రయత్నాలు జరిగాయి, 2025 ఏప్రిల్‌లో రెఫరెండం పెడితే జనం వద్దన్నారు. మేం ఆ పడవలోంచి దిగి, మరో పడవెక్కి, నడుంలోతు నీళ్ళలో తిరండి చేపలని పట్టుకుని ఫొటోలు దిగి, మళ్ళీ పడవెక్కి ఓడకొచ్చాం. ఆ దీవి మీద నేను నడిచిన దూరం రెండు పడవల మధ్య దూరం. అయినా "కేమన్ అయిపోయింది."

ఇంకా ముందుకి పోయినవాళ్ళున్నారు. హైతీలో లబాదీ అనే తీరాన్ని ఒక కంపెనీ 1980లనుంచి లీజుకి తీసుకుని కంచె వేసుకుంది. 2010 జనవరి 12 భూకంపంలో రాజధాని నేలమట్టమైన కొద్దిరోజులకే ఓడలు అక్కడ ఆగి జనాన్ని ఈతకి దింపాయి. సాయం సరుకులు కూడా దింపాయి, ఆ మాటా చెప్పాలి. బహామాస్‌లో ఒక్కో కంపెనీకి ఒక్కో సొంత దీవి ఉంది: కాస్టవే కే, కోకోకే, గ్రేట్ స్టిరప్ కే. ఇసుక, జారుడుబల్లలు, ఓడలోని బఫేనే ఒడ్డు మీద. అక్కడ ఊరే లేదు. ఎక్స్‌కర్షన్ అనే సరుకుని చివరికంటా నడిపిస్తే వచ్చే చోటు అదే. మావాళ్ళలో చాలామందికి అన్నిటికన్నా బాగా నచ్చిన రేవు అదేనట. "ఎవరూ వెంటపడరు, ఏమీ అమ్మరు, హాయి."

మూడో జవాబు మా పక్కింటాయన ఇచ్చాడు. "అన్నయ్యా, ఏడాదంతా ఆఫీసులో చస్తున్నాం. వారంరోజులు సెలవులో కూడా హిస్టరీ క్లాసా? పిల్లలు నవ్వుతున్నారు, చాలదా?" దీనికి నా దగ్గర కోపం తప్ప గట్టి జవాబు లేదని మొదట అనుకున్నాను. ఇప్పుడొకటి చెబుతాను. హాయిగా ఉండాలనుకుంటే ఉండండి, కొలనులో పడుకోండి, ఎవరు వద్దన్నారు? కానీ దాన్ని జమైకా అనకండి. సెలవు తీసుకునే హక్కు వేరు, ఆ తరవాత వచ్చి "జమైకావాళ్ళు భలే సరదా మనుషులు, ఏం టెన్షన్ లేదు వాళ్ళకి" అని తీర్పు చెప్పే హక్కు వేరు. మొదటిది డబ్బు పెడితే వస్తుంది.

ఇక్కడ మన యాత్రారచన గురించి ఒక మాట అనకుండా ఉండలేను, ఈ పేజీల్లోనే అనాలి. మన పత్రికల్లో వస్తున్న విదేశీ యాత్రావ్యాసాలు వరసగా చదవండి. వీసా, విమానం, హోటలు, ఇండియన్ రెస్టారెంటు ఎక్కడుంది, టూరు కంపెనీ వాళ్ళు చూపించిన అయిదు స్థలాలు, గైడు చెప్పిన రెండు జోకులు. రచయిత ఆ దేశపు మనిషితో మాట్లాడిన ఒక్క సంభాషణ ఉండదు, ఒక్క ధర ఉండదు. కుటుంబంతో వెళితే ఇంతకన్నా ఏం కుదురుతుంది అంటారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరినప్పుడు కుటుంబంతోనే వెళ్ళాడు, దాదాపు వందమంది పరివారంతో. సుప్రీంకోర్టులో దుబాసీ, తీర్థయాత్ర ఆయన పని, దేశాధ్యయనం కాదు. అయినా ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, సుంకాలెక్కడ వసూలు చేస్తున్నారు, ఏ ఊళ్ళో ఎవరుంటారు, అన్నీ రాశాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది, ఫాల్మౌత్‌లో గొలుసులు పాతిపెట్టిన ఏడు. ఆయనకి మోసేవాళ్ళున్నారు, పదిహేను నెలల తీరిక ఉంది, మనకి ఆరుగంటలే కదా అంటారా? సరే. ఆరుగంటల్లో ఒక తోటకూర కట్ట ధర కనుక్కోవచ్చు. మా అమ్మ కనుక్కుంది, ఒక డాలరు. ఎక్కువే పుచ్చుకుందని ఆవిడ అభిప్రాయం.

పిల్లల సంగతే నన్ను ఎక్కువ బాధిస్తుంది. మన పిల్లలు అమెరికాలో పెరుగుతున్నారు. వాళ్ళ చర్మం రంగు గురించి బడిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్న రోజు ప్రతి ఇంట్లోనూ ఉంది. అలాంటి పిల్లలని తీసుకెళ్ళి, నల్లమనిషి అంటే నవ్వుతూ హెల్మెట్ బిగించేవాడు, గ్లాసు అందించేవాడు, "యా మాన్" అనిపించేవాడు అని ఆరురోజులపాటు చూపించి తెస్తున్నాం. వాళ్ళ తాతలూ మన తాతల తరంవాళ్ళూ ఒకే చెరకు తోటల్లో, ఒకరి తరవాత ఒకరు, పనిచేశారని చెప్పం. ఒకరిని గొలుసుతో తెచ్చారు, ఒకరిని వేలిముద్రతో తెచ్చారు. రెండూ ఒకటి కాదు, కాదన్న సంగతీ చెప్పాలి. మన చుట్టూ ఉన్న తెలుగు ఇళ్ళల్లో నల్లవాళ్ళ గురించి భోజనాల బల్ల దగ్గర నడిచే మాటలు మీరూ విన్నారు, నేనూ విన్నాను. ఆ మాటలకి విరుగుడు జమైకాలో అర కిలోమీటరు నడకలో ఉంటే, అక్కడినుంచి బస్సెక్కించి దాటించేశాను నేను.

జనవరిలో మా గ్రూపులో ఒకాయన వచ్చే డిసెంబరుకి లింకు పంపాడు. ఈసారి తూర్పు కరీబియన్. సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్, చివర్లో కంపెనీవారి సొంత దీవి. ఇంకా డబ్బు కట్టలేదు. అమ్మని అడిగితే, "ఊళ్ళోకి పోనిస్తారా మరి?" అంది. భోగినాడు ఎప్పటిలాగే ప్యాకెట్టు పళ్ళు పోశాం.

ఓడ దిగిన రెండోరోజునే కంపెనీనుంచి సర్వే వచ్చింది. భోజనం, గది, పిల్లల క్లబ్బు, ఒక్కో ఎక్స్‌కర్షన్‌కి ఒకటినుంచి అయిదు నక్షత్రాలు. ఫాల్మౌత్ దగ్గర మా అమ్మాయి ఫోను లాక్కుని అయిదూ నొక్కేసింది. "జిప్‌లైన్ చాలా బాగుంది కదా నాన్నా" అంది. బాగుందన్నాను.